ఆ ప్రకటనకు డబ్బు కట్టింది ఎవరు?

ఎన్నికల ప్రకటనల గురించి మీకున్న సందేహాలు రాయమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట: "ఇంత జరుగుతుంటే ఎన్నికల సంఘం ఎందుకు ఊరుకుంటోంది?" కొన్ని విషయాల్లో ఆ కోపం న్యాయమే. ఇంకొన్నిటిలో మాత్రం మనం అడిగేది ఒకటి, చట్టం అడిగేది మరొకటి. ప్రకటనలో ఉన్నది నిజమా అబద్ధమా అని మనం చూస్తాం. చట్టం ముందుగా చూసేది మూడింటిని: డబ్బు ఎవరిది, వచ్చింది ఎక్కడ, ఏ రోజు ఏ గంటకు. ఈ తేడా తెలిస్తే కింది జవాబులు సులువుగా అర్థమవుతాయి.

సాయంత్రం ఆరింటికి ప్రచారం అయిపోయిందని మైకులు కట్టేశారు. తెల్లారి పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా "మన గుర్తుకే ఓటు" అని ప్రకటన. పోలింగ్ రోజు కూడా అంతే. ఇది నేరం కాదా?
*– ఒక పాఠకుడు, తెనాలి*

ముందుగా అనుమతి తీసుకుని వేసి ఉంటే నేరం కాదు. తీసుకోకపోతే తప్పే.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 126, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల పాటు బహిరంగ సభలు, ఊరేగింపులు, సినిమా, టీవీ, అలాంటి ఇతర పరికరాల ద్వారా ఎన్నికల ప్రచారం చేయకూడదంటుంది. తప్పితే రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ ఎన్నిసార్లు చదివినా అందులో వార్తాపత్రిక అన్న మాట కనబడదు. అందుకే మైకు మూగబోతుంది, టీవీ ఆగిపోతుంది, పేపరు మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది.

ఈ కంతను కొంతవరకు పూడ్చడానికి ఎన్నికల సంఘం రాజ్యాంగంలోని 324వ అధికరణం కింద తనకున్న అధికారాన్ని వాడుతోంది. 2015 బిహార్ ఎన్నికల నుంచి మొదలైన పద్ధతి ఇది. పోలింగ్ రోజున, దానికి ముందు రోజున పేపర్లో ఏ రాజకీయ ప్రకటన వేయాలన్నా మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ, అంటే ఎంసీఎంసీ, ముందే చూసి ధ్రువీకరించాలి. దరఖాస్తు ప్రచురణ తేదీకి రెండు రోజుల ముందు చేరాలి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగింది కదా, ఆ లెక్కన 12, 13 తేదీల ప్రకటనలకు ఈ నియమం పడింది. 12వ తేదీ పేపర్లో రావాలంటే 10వ తేదీకల్లా కాగితాలు కమిటీ దగ్గర ఉండాలి.

మిగతా రోజుల్లో అచ్చు పేపరుకు ఈ ధ్రువీకరణ అక్కర్లేదు. అదే పత్రిక ఈ-పేపర్లో వేసే రాజకీయ ప్రకటనకు మాత్రం ఏ రోజైనా కావాలి. చాలా మంది ఏజెంట్లు ఇక్కడే దొరికిపోతారు: అచ్చుకు పంపిన ప్రకటన ఆటోమేటిగ్గా ఈ-పేపర్లోకి కూడా వెళ్ళిపోతుంది, సర్టిఫికెట్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మా అభిప్రాయం అడిగితే, ఆఖరి రెండు రోజుల నిశ్శబ్దం పేపరుకూ వర్తించాలి. మైకులో వినబడిన మాటను ప్రచారమని వదిలేసే మనిషి, అదే మాట పేపర్లో అచ్చయితే సగం నమ్ముతాడు. ఓటరు నిమ్మళంగా ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధిలో, ఎక్కువ నమ్మే మాధ్యమాన్నే తెరిచి ఉంచారు. చట్టాన్ని సవరించనంత కాలం ఇది ఇలాగే సాగుతుంది.

రాష్ట్రమంతా ఐదింటికి ప్రచారం ఆగితే మా దగ్గర నాలుగింటికే ఎందుకు ఆపించారు?
*– ఒక కేబుల్ ఆపరేటర్, భద్రాచలం*

48 గంటలు లెక్కపెట్టేది పోలింగ్ ముగిసే గంట నుంచి వెనక్కి. 2023 నవంబర్ 30న తెలంగాణలో ఎక్కువ చోట్ల పోలింగ్ సాయంత్రం 5కి ముగిసింది, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలని గుర్తించిన 13 నియోజకవర్గాల్లో 4కే. వాటిలో మీదీ ఒకటి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అరకు, పాడేరు, రంపచోడవరంలో కూడా సాయంత్రం 4కే ముగించారు. కాబట్టి స్క్రోలింగ్ ఆపాల్సిన గంటను మీ నియోజకవర్గ రిటర్నింగ్ అధికారి నోటీసు చూసి పెట్టుకోండి, హైదరాబాద్ చానల్ చూసి కాదు.

మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. ఎన్నికలొస్తే కరపత్రాల ఆర్డర్లు రాత్రికి రాత్రి తెస్తారు, తెల్లారేసరికి కావాలంటారు. కింద ప్రెస్ పేరు వేయకపోతే ఏమవుతుంది? ఏమేం కాగితాలు తీసుకోవాలి?
*– ఒక ముద్రాపకుడు, రాజమహేంద్రవరం*

పేరు వేయకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 127ఎ. జరిమానా చిన్నదే అనిపిస్తుంది గానీ, ఎన్నికల వేళ ప్రెస్‌కు అధికారులు వచ్చి సరుకు పట్టుకుపోతే ఆ సీజన్ నష్టం అంతకు ఎన్నో రెట్లు.

ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ వరస పాటించండి. ప్రచురణకర్త, అంటే ఆర్డరు ఇచ్చి డబ్బు కట్టే మనిషి, తానెవరో తెలిపే డిక్లరేషన్ రెండు ప్రతులు మీకివ్వాలి. దాని మీద ఆయన సంతకం, ఆయన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరు మనుషుల ధ్రువీకరణ సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ మీకు తెలిసినవాళ్ళు కానక్కర్లేదు, ఆయనకు తెలిసినవాళ్ళు కావాలి. ఆ కాగితం చేతికొచ్చాకే ప్లేట్ తీయండి. "పొద్దున్న పంపిస్తాంలే" అన్న మాట మీద అచ్చు వేస్తే, గొడవైనప్పుడు ఆ మనిషి తానెవరో తెలియదంటాడు, మిగిలేది మీరొక్కరే.

ముద్రించే కాపీ మొదటి పేజీ మీద ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా కనబడాలి. ప్రెస్ పేరు ఒక్కటే వేసి ప్రచురణకర్త పేరు వదిలేయడం, లేదా "అభిమానులు" అని వేసి ఊరుకోవడం మనవాళ్ళు తరచుగా చేసే తప్పు. "అభిమానులు" అనేది పేరూ కాదు, చిరునామా అంతకంటే కాదు.

అచ్చయిన మూడు రోజుల్లోపు నాలుగు కాపీలు, డిక్లరేషన్ ప్రతి, ఎన్ని కాపీలు కొట్టారు, ఎంత తీసుకున్నారు అన్న వివరం కలిపి పంపాలి. రాష్ట్ర రాజధానిలో ప్రెస్ ఉంటే ముఖ్య ఎన్నికల అధికారికి, మిగతా జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టరుకు. అన్ని ఆర్డర్లవీ నెలాఖరున కలిపి పంపుదామనుకోవద్దు, ఏ ఆర్డరుకు ఆ ఆర్డరే. కాపీల సంఖ్య తగ్గించి రాయమని అడిగితే అస్సలు ఒప్పుకోకండి. అభ్యర్థి చూపించిన ఖర్చును వ్యయ పరిశీలకుల బృందం సరిచూసేది ఇలాంటి కాగితాలతోనే.

మినహాయింపు ఒక్కటే: ఫలానా రోజు ఫలానా చోట సభ అని తేదీ, వేళ, స్థలం మాత్రమే చెప్పే చీటీలు, కార్యకర్తలకూ ఏజెంట్లకూ ఇచ్చే మామూలు సూచనలు ఇందులోకి రావు. ఆ చీటీలోనే "వారికే ఓటెయ్యండి" అని ఒక్క లైను కలిపితే అది కరపత్రమైపోయింది. హోర్డింగుల మీద కూడా ముద్రాపకుడు, ప్రచురణకర్త వివరాలు ఉండాలని 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశించింది, కాబట్టి ఫ్లెక్సీ పని చేసేవారు కూడా ఇదంతా చదువుకోవాలి.

మా అన్నయ్య ఇండిపెండెంట్‌గా పోటీ చేస్తున్నాడు. లోకల్ కేబుల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ 30 సెకన్ల వీడియో వేద్దామనుకుంటున్నాం. పర్మిషన్ ఎలా తీసుకోవాలి? ఎక్కడ ఆగిపోతుంది?
*– ఒక పాఠకుడు, సిద్దిపేట*

ఈ పర్మిషన్ వ్యవహారం మన తెలుగు నేల మీద మొదలైన కేసుతోనే వచ్చింది. ఒకప్పుడు కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని 7(3) కింద టీవీలో రాజకీయ ప్రకటనలు పూర్తిగా నిషేధం. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను పక్కన పెట్టింది. జెమినీ టెలివిజన్ పేరుతో నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న మధ్యేమార్గం చెప్పింది: ప్రకటన వేసుకోవచ్చు, ముందు ఒక కమిటీ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కమిటీయే తరవాత ఎంసీఎంసీ అయింది.

అభ్యర్థి దరఖాస్తు చేసేది జిల్లా ఎంసీఎంసీకి. కలెక్టరేట్‌లో జిల్లా పౌర సంబంధాల అధికారి, డీపీఆర్‌ఓ, దగ్గర అడిగితే ఫారం ఇస్తారు. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారం మొదలయ్యే రోజుకు కనీసం మూడు రోజుల ముందు ఇవ్వాలి. మిగతావాళ్ళు, అంటే సంఘాలు, వ్యక్తులు, ఏడు రోజుల ముందు. మీ అన్నయ్య అభ్యర్థి కాబట్టి మూడు రోజులు చాలు, కానీ దరఖాస్తు మీద అభ్యర్థిగా ఆయన సంతకమే ఉండాలి. మీ పేరుతో ఇస్తే ఏడు రోజుల లెక్కలో పడుతుంది.

ఇవ్వాల్సినవి: వీడియో రెండు కాపీలు పెన్‌డ్రైవ్‌లోనో సీడీలోనో, అందులో వినబడే ప్రతి మాటకూ ధ్రువీకరించిన రాతప్రతి, తయారీకి అయిన ఖర్చు, ఎన్నిసార్లు వేస్తారు, ఒక్కోసారికి ఎంత రేటు, మొత్తం ఎంత, డబ్బంతా చెక్కు లేదా డీడీ ద్వారానే కడతామన్న వాంగ్మూలం.

ఆగిపోయేది ఎక్కువగా రాతప్రతి దగ్గరే. వెనకాల వచ్చే పాట రాతప్రతిలో ఉండదు. వీడియోలో "గత ఎమ్మెల్యే" అని ఉన్నది కాగితం మీద పేరుగా మారిపోతుంది. కమిటీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, తేడా వస్తే తిప్పి పంపుతుంది. తిప్పి పంపితే రెండు రోజులు పోయినట్టే. రెండో ఇబ్బంది దృశ్యాలతో: గుడి, మసీదు, చర్చి ముందు నిలబడి ఓటు అడగడం, సైనికుల ఫొటోలు, పేరు పెట్టి ఎదుటివాళ్ళ సొంత జీవితాన్ని విమర్శించడం, కులం చెప్పుకోవడం, కోర్టుల మీద వ్యాఖ్యలు. ఇవి ఉంటే తీసేయమంటారు. జిల్లా కమిటీ కాదన్నదాని మీద ముఖ్య ఎన్నికల అధికారి నాయకత్వంలోని రాష్ట్ర కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

సర్టిఫికెట్ వచ్చాక వీడియోలో ఒక్క షాటు మార్చినా మళ్ళీ కొత్త దరఖాస్తే. అందుకే తెలిసినవాళ్ళు పొడుగువి, పొట్టివి రెండు మూడు రకాలు ఒకేసారి ఇచ్చి అన్నిటికీ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఫేస్‌బుక్, యూట్యూబ్‌లో డబ్బు కట్టి వేసే ప్రకటనలకు 2013 అక్టోబర్ ఆదేశం నుంచి ఇదే పద్ధతి. ఎఫ్ఎం రేడియో, సినిమా హాళ్ళలో స్లైడ్లు, బల్క్ ఎస్సెమ్మెస్‌లు, రికార్డు చేసిన వాయిస్ కాల్స్, కూడళ్ళలో ఎల్ఈడీ తెరల మీద వేసేవి కూడా ఇందులోకే వస్తాయి.

ఇక లెక్క. మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకని ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక వ్యక్తికి గానీ సంస్థకు గానీ ఎన్నిక మొత్తం మీద నగదుగా పదివేలు మించి ఇవ్వకూడదు. ఫేస్‌బుక్‌కు కట్టిన డబ్బే కాదు, వీడియో తీసిన కుర్రాడి కూలీ, పేజీ నడిపేవాళ్ళ జీతం కూడా ఖర్చు కిందికే వస్తాయి. ఫలితాలు వెలువడిన 30 రోజుల్లో పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయిన ఇండిపెండెంట్లు "ఓడిపోయాం కదా, ఇక లెక్కలెందుకు" అని వదిలేస్తారు. అలా వదిలేసినందుకు ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 10ఎ కింద మూడేళ్ళ పాటు ఎక్కడా పోటీ చేయకుండా అనర్హత పడుతుంది. మీ అన్నయ్యకు ఇది ముందే చెప్పండి.

పెద్ద పార్టీలు కోట్లు పోసి ప్రకటనలిస్తాయి, వాళ్ళ అభ్యర్థి లెక్కలో లక్షలే ఉంటాయి. ఎలా సాధ్యం?
*– ఒక పాఠకురాలు, నల్లగొండ*

అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. రహస్యమంతా ఇదే. ప్రకటనలో పార్టీ గుర్తు, నాయకుడి బొమ్మ, మేనిఫెస్టో ఉండి, ఆ నియోజకవర్గ అభ్యర్థి పేరు, ఫొటో లేకపోతే అది పార్టీ సాధారణ ప్రచారం, పార్టీ ఖాతాలో పడుతుంది. అభ్యర్థి ఫొటో పెట్టారా, ఆయన ఖాతాలోకి వస్తుంది. అందుకే రాష్ట్రమంతటా ఒకే రకం ఫుల్‌పేజీ ప్రకటన వస్తుంది, మీ ఊరి అభ్యర్థి అందులో ఉండడు. పార్టీ తన లెక్కను అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇస్తుంది. ఆ లెక్కలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎన్నికలయ్యాక చూసేవాళ్ళే తక్కువ.

ఒక పేపర్లో ఒకే రోజు, ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ "భారీ మెజారిటీతో గెలుపు ఖాయం" అని వార్తలొచ్చాయి. అవి వార్తలా, ప్రకటనలా?
*– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమవరం*

మాస్టారూ, మీరు పట్టుకున్నది పెయిడ్ న్యూస్‌కు పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ. డబ్బుగా గానీ వస్తువుగా గానీ ప్రతిఫలం పుచ్చుకుని వేసే వార్త, విశ్లేషణ ఏదైనా పెయిడ్ న్యూసే అని ప్రెస్ కౌన్సిల్ నిర్వచనం. ఈ జబ్బును మొదట్లోనే లెక్కలతో బయటపెట్టిన చోట్లలో మీ పశ్చిమ గోదావరి జిల్లా ఒకటి. 2009 ఎన్నికలప్పుడు వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ అక్కడ నమూనా సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ తరపున దీని మీద విచారణ జరిపి 2010లో నివేదిక ఇచ్చిన ఇద్దరిలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు, మరొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా.

గుర్తుపట్టే ఆనవాళ్ళు కొన్ని: రెండు వేర్వేరు పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకే వార్త, విలేకరి పేరు ఉండదు, ఫలానా వర్గం ఓట్లన్నీ ఆయనకే అన్న తీర్పు, దానికి ఆధారం ఉండదు, ఒక అభ్యర్థి ఫొటో వారం రోజులు వరసగా, మరొకరిది ఒక్కసారీ రాదు.

ఫిర్యాదు పద్ధతి వేగంగానే ఉంటుంది, మీరు వేగంగా ఇస్తే. పేపరు కత్తిరించి తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి జిల్లా ఎంసీఎంసీకి ఇవ్వండి. ప్రచురించిన 96 గంటల్లోపు రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసు ఇవ్వాలి. అభ్యర్థి 48 గంటల్లో జవాబు చెప్పాలి. చెప్పకపోతే కమిటీ నిర్ణయమే ఖాయం. అది పెయిడ్ న్యూస్ అని తేలితే ఆ స్థలానికి ప్రభుత్వ ప్రకటనల రేటు కట్టి, అభ్యర్థి డబ్బిచ్చినా ఇవ్వకపోయినా, ఆయన ఖర్చులో కలుపుతారు. వారం రోజులు పేపర్లు పోగేసి ఒక్కసారే ఇద్దామనుకునేవారు ఆ 96 గంటలు దాటబెట్టుకుంటున్నారు.

శిక్ష పడదా అంటే పడింది. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి నుంచి 2007లో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్‌ను, వార్తల రూపంలో వచ్చిన ప్రకటనల ఖర్చు చూపనందుకు, 2011 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం మూడేళ్ళు అనర్హురాలిగా ప్రకటించింది. అయితే డబ్బు పుచ్చుకున్న పత్రిక మీద ఎన్నికల సంఘానికి నేరుగా చెయ్యి పడదు. అది ప్రెస్ కౌన్సిల్‌కు వెళుతుంది, ప్రెస్ కౌన్సిల్ మందలించగలదు, అంతే. తప్పు ఇద్దరిదైనప్పుడు భారం ఒక్కరి మీదే పడే ఈ ఏర్పాటు మార్చనిదే పెయిడ్ న్యూస్ పోదు.

అడక్కుండా మా ఇంటి గోడ మీద గుర్తు గీశారు. చెరిపేయమంటే కొట్టేలా చూశారు.
*– ఒక గృహిణి, కడప*

ఒంటరిగా వాళ్ళతో తగువు పెట్టుకోకండి. ఫొటో తీసి రిటర్నింగ్ అధికారికి గానీ, ఎన్నికల హెల్ప్‌లైన్ 1950 నంబరుకు గానీ చెప్పండి. రాతపూర్వకమైన మీ ఇష్టపూర్వక అనుమతి లేకుండా మీ గోడను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ అనుమతి కాపీని అభ్యర్థి మూడు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి. అధికారి "ఆ కాగితం చూపించండి" అని అడగడంతోనే చాలా గోడలు తెల్లబడతాయి. స్థానిక చట్టం వద్దన్నచోట మీరు ఒప్పుకున్నా రాయకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధానికి 1997 నాటి చట్టం ఉంది. ఎన్నికల ప్రకటన వెలువడిన వెంటనే ప్రభుత్వ కార్యాలయాల మీది రాతలు, పోస్టర్లు 24 గంటల్లో, బస్టాండ్లు, స్తంభాల వంటి ప్రజా స్థలాల్లో 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీది అక్రమ రాతలు 72 గంటల్లో తీయించాలి.

నేను అమెరికాలో ఉంటాను. మా ఊరి అభ్యర్థి కోసం మేం పదిమంది స్నేహితులం డబ్బు వేసుకుని ఫేస్‌బుక్ ప్రకటనలు, పేపర్లో అరపేజీ వేయిద్దామనుకుంటున్నాం. తప్పా?
*– ఒక పాఠకుడు, డాలస్*

ముందు మీ పదిమంది పాస్‌పోర్టులు చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి డబ్బు పార్టీ గానీ అభ్యర్థి గానీ తీసుకోకూడదు. మీ పదిమందిలో ఒక్కరిది కలిసినా మొత్తం చిక్కులో పడుతుంది, చిక్కు అభ్యర్థికి.

రెండోది, అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ప్రకటన మీద ఖర్చు పెట్టడం నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 171హెచ్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 176, జరిమానా పదివేల దాకా. ముందు ఖర్చుపెట్టి పది రోజుల్లో అనుమతి తెచ్చుకునే వెసులుబాటు ఉంది గానీ, అది పది రూపాయలు మించని ఖర్చుకే. కొత్త సంహితలోనూ ఆ పది రూపాయల అంకె మార్చలేదు! అనుమతి తీసుకుని వేస్తే ఆ ఖర్చంతా అభ్యర్థి 40 లక్షల్లో కలుస్తుంది, కాబట్టి ఆయన్ని అడక్కుండా మేలు చేయబోతే కీడవుతుంది.

మూడోది, ఫేస్‌బుక్ భారత రాజకీయ ప్రకటనలకు ఇక్కడి గుర్తింపు పత్రం, ఇక్కడ నివాసం చూసి అనుమతిస్తుంది, ఎవరు డబ్బు కట్టారో ప్రకటన మీదే వేస్తుంది. గూగుల్ అయితే ఎంసీఎంసీ సర్టిఫికెట్ అడుగుతుంది. ఊళ్ళో ఉన్న బావమరిది ఖాతాతో నడిపిస్తే ఆ పేరు ఆయనది, రేపు జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే. మీ సొంత గోడ మీద డబ్బు కట్టకుండా మీ అభిప్రాయం రాసుకోవడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

పోలింగ్‌కు ముందు రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒక నాయకుడు పోటీలోంచి తప్పుకున్నట్టు ఆయన గొంతుతోనే వీడియో వచ్చింది. అది కంప్యూటర్ చేసిందని తర్వాత తెలిసింది. అడ్మిన్‌గా నేనేం చేయాలి?
*– ఒక పాఠకుడు, హనుమకొండ*

అభ్యర్థి తప్పుకోవడానికి గడువు ఉంటుంది, అది పోలింగ్‌కు చాలా రోజుల ముందే అయిపోతుంది. ఆ తరవాత "తప్పుకున్నాడు" అని ఎవరి గొంతుతో వచ్చినా పేరు యంత్రంలోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మీ గ్రూపులో ముందే రాసి పెట్టండి, సగం వదంతులు అక్కడే చస్తాయి.

వీడియో వచ్చినప్పుడు పంపినవారి నంబరు, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తరవాత గ్రూపులోంచి తొలగించండి. ముందే తొలగిస్తే ఆధారం పోతుంది. 1950కి, ఆ అభ్యర్థి ఏజెంటుకు తెలియజేయండి. నకిలీ వీడియో తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో పార్టీలు తమ ఖాతాల్లోంచి తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం ఆదేశించింది. 2025 అక్టోబర్ ఆదేశంతో, కృత్రిమ మేధతో చేసిన ప్రచార వీడియోల మీద ఆ సంగతి తెలిపే లేబుల్ తెర మీద కనీసం పది శాతం మేర, ఆడియో అయితే మొదటి పది శాతం నిడివిలో ఉండాలి.

ఈ ఆదేశాలు పార్టీలను, అభ్యర్థులను కట్టేస్తాయి. ఎవరిదో తెలియని నంబరు నుంచి వచ్చిన దాన్ని కట్టేసే తాడు ఇంకా పేనలేదు. అందుకే ఫార్వర్డ్ బటన్ మీద ఉన్న మీ వేలు ఇక్కడ చాలా విలువైనది.

2023లో మన తెలంగాణ పేపర్లలో కర్ణాటక ప్రభుత్వ పథకాల ప్రకటనలొచ్చాయి. పక్క రాష్ట్రం ఇక్కడ ఎందుకు వేసినట్టు?
*– ఒక పాఠకుడు, సికింద్రాబాద్*

ఎన్నికలు జరుగుతున్న రాష్ట్రంలో మరో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటన వేయాలంటే ముందుగా ఎన్నికల సంఘం అనుమతి కావాలి. అది తీసుకోలేదని 2023 నవంబర్ 27న ఎన్నికల సంఘం కర్ణాటక ప్రధాన కార్యదర్శికి రాసి, ఆ ప్రకటనలు ఆపమంది. అప్పటికి పోలింగ్ మూడు రోజుల దూరం. ప్రజల సొమ్ముతో ఒక పార్టీకి లాభం చేకూర్చే ప్రకటన ఎవరు వేసినా, ఏ పార్టీ ప్రభుత్వమైనా, అది ఖజానా మీద చెయ్యి వేయడమే.

ప్రకటనలో చెప్పేవి అబద్ధాలైతే ఎవరు ఆపాలి?
*– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం*

అమ్మా, అన్నిటికంటే కష్టమైన ప్రశ్న నీదే. సబ్బు ప్రకటనలో అబద్ధమైతే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, కానీ రాజకీయ ప్రకటనలు ఆ కౌన్సిల్ పరిధిలో లేవు. ఎంసీఎంసీ చూసేది పైన చెప్పిన హద్దులు దాటిందా లేదా అని. "ఐదేళ్ళలో లక్ష ఇళ్ళు కట్టాం" అన్న లెక్క నిజమా అని ఇల్లిల్లూ తిరిగి చూడదు. అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద తెలిసి తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(4) కింద అవినీతి చర్య అవుతుంది, దాని మీద ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. తీర్పు వచ్చేసరికి పదవీకాలం గడిచిపోవడం మామూలు. పథకాల మీద, అంకెల మీద చెప్పే అబద్ధానికి మాత్రం నిలదీసే ఓటరు తప్ప వేరే కాపలా లేదు.

ఎన్నికలప్పుడు పేపర్లో చిన్న అక్షరాలతో పట్టికలా ఏదో వేస్తారు, ఎవరూ చదవరు. ఏమిటది?
*– ఒక పాఠకుడు, ఒంగోలు*

ఆ సీజన్ మొత్తంలో తప్పక చదవాల్సిన ప్రకటన అది. అభ్యర్థి మీద ఉన్న క్రిమినల్ కేసుల వివరాలు అందులో ఉంటాయి. 2018 సెప్టెంబర్ 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది తప్పనిసరైంది. ఫారం సి-1 పేరుతో అభ్యర్థి దాన్ని మూడుసార్లు వేయాలి: ఉపసంహరణ గడువు ముగిసిన మొదటి నాలుగు రోజుల్లో ఒకసారి, ఐదు నుంచి ఎనిమిదో రోజు మధ్య ఒకసారి, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు ఒకసారి. అక్షరాలు 12 పాయింట్లకు తగ్గకూడదు. టీవీలోనూ వేయాలి. ఆ అభ్యర్థినే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ కూడా కారణం చెప్పాలి. "గెలిచే అవకాశం ఉంది" అన్న ఒక్క మాట కారణం కాదని 2020 ఫిబ్రవరి 13 తీర్పులో కోర్టు తేల్చింది.

చూడాల్సిన గడులు రెండు: కేసు ఏ సెక్షన్ కింద, ఏ దశలో ఉంది. ధర్నా చేసినందుకు పెట్టిన కేసుకూ, మనిషి మీద దాడి కేసుకూ తేడా ఆ సెక్షన్ నంబర్లోనే తెలుస్తుంది.

ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికొస్తుందేమోనని భయం.
*– ఒక పాఠకుడు, మదనపల్లె*

ఎన్నికల సంఘం ఫిర్యాదుల కోసం పెట్టిన సి-విజిల్ యాప్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. అలా చేస్తే దాని మీద ఏం జరిగిందో మీకు సమాచారం రాదు, అదొక్కటే లోటు. యాప్‌లోంచే ఫొటో గానీ రెండు నిమిషాల లోపు వీడియో గానీ అక్కడికక్కడే తీయాలి. గ్యాలరీలో ఉన్న పాతవి, వాట్సాప్‌లో వచ్చినవి తీసుకోదు. తీసిన ఐదు నిమిషాల్లో పంపేయాలి, లేకపోతే మళ్ళీ తీయాలి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి. ఎన్నిక జరిగే ప్రాంతం దాటి బయట నుంచి పంపితే తీసుకోదు. పంపాక 100 నిమిషాల్లో తేల్చాలన్నది లెక్క: ఐదు నిమిషాల్లో దగ్గర్లోని బృందానికి అప్పగింత, పదిహేను నిమిషాల్లో వాళ్ళు అక్కడికి చేరడం, అరగంటలో పరిశీలన, మిగిలిన యాభై నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి నిర్ణయం. ఫ్లెక్సీ ఫొటో తీసేటప్పుడు కింది మూలలో ప్రెస్ పేరు, ప్రచురణకర్త పేరు ఉన్నాయో లేవో కనబడేలా తీయండి.